సంతకం పడని పేజీ

ప్రభుత్వ బడిలో పాఠం చెప్పే వాళ్లందరికీ ఒక గడి తెలుసు. పాఠ్య ప్రణాళికలో సామర్థ్యాలు, బోధనోపకరణాలు, కృత్యాలు, మూల్యాంకనం అన్నీ అయిపోయాక అట్టడుగున ఉంటుంది. ఉపాధ్యాయుని ప్రతిస్పందనలు అని దాని పేరు. పాఠం చెప్పడం అయ్యాక ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుని, పిల్లలకు ఏది అందింది, ఏది అందలేదు, మళ్లీ చెప్పాల్సి వస్తే ఏం మార్చుకోవాలి అన్నది అక్కడ రాయాలి. నేను చూసిన పుస్తకాల్లో చాలా వాటిలో అక్కడ ఉండేది ఒకే రకం మాటలు. ‘విద్యార్థులు చురుకుగా పాల్గొన్నారు. ఆశించిన సామర్థ్యాలు సాధించారు. వెనుకబడిన వారిపై ప్రత్యేక శ్రద్ధ అవసరం.’ తెలుగు పాఠానికీ అవే మాటలు, భౌతిక శాస్త్రానికీ అవే మాటలు. కొందరు పాఠం చెప్పకముందే, సెలవుల్లో ప్రణాళిక రాసుకునేటప్పుడే ఆ గడి కూడా నింపేసుకుంటారు. జరగని పాఠం గురించి ప్రతిస్పందన!

ఆ గడి మొత్తం ప్రణాళికలోకెల్లా విలువైనదని నేను గట్టిగా నమ్ముతాను. ఉద్యోగంలో చేరిన తరువాత ఉపాధ్యాయులు తమ పనిలో ఎదగడానికి అంతకు మించిన దారి నాకు కనిపించలేదు. దాన్ని పనికిరాకుండా చేసింది దాని కింద పడే సంతకం. ప్రధానోపాధ్యాయుల సంతకం, తనిఖీకి వచ్చిన అధికారి సంతకం. తనను తూకం వేసే మనిషి చదువుతారని తెలిసిన చోట ఎవరూ తమ పనిలోని సందేహాన్ని రాయరు. ఎంత గట్టిగా ఆదేశిస్తే అంత అందమైన అబద్ధం రాస్తారు. ఇది ఉపాధ్యాయుల నిజాయతీకి సంబంధించిన విషయం కాదు. వైద్యులు, పైలట్లు, ఇంజినీర్లు ఎవరైనా అంతే చేస్తారు, చేశారు కూడా. ఆ సంగతికి తరువాత వస్తాను. ముందు ఆ గడిలో నిజంగా ఏం రాయవచ్చో, అది మనకు ఏం నేర్పగలదో చెప్పాలి.

నేను ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. దశాంశ భిన్నాల పాఠం తరువాత ఒక చిన్న స్లిప్ టెస్ట్ పెట్టడం నాకు అలవాటు. ఒకసారి అందులో ఈ రెండు ప్రశ్నలు ఉన్నాయి. 0.4, 0.35లలో ఏది పెద్దది? 0.4, 0.57లలో ఏది పెద్దది? ఒక అమ్మాయి మొదటిదానికి 0.4 అని, రెండోదానికీ 0.4 అనే రాసింది. పక్క వరుసలోని అబ్బాయి మొదటిదానికి 0.35 అని, రెండోదానికి 0.57 అని రాశాడు. ఇద్దరికీ రెండింటికి ఒక మార్కు. మార్కుల రిజిస్టరులో ఇద్దరూ ఒకటే.

సాయంత్రం ఇద్దరినీ పిలిచి, ఎందుకలా అనుకున్నారో చెప్పమన్నాను. అబ్బాయి తడుముకోకుండా చెప్పాడు: “ముప్పై అయిదు నాలుగు కంటే పెద్దది కదా టీచర్.” పాయింటు తరువాత ఉన్న అంకెలను అతను మామూలు సంఖ్యలాగే చదువుతున్నాడు. అమ్మాయి చెప్పింది వినండి. “0.35లో పాయింటు తర్వాత రెండు అంకెలున్నాయి టీచర్. అంటే వంద ముక్కలు చేసినట్టు. 0.4లో ఒక్కటే, పది ముక్కలు చేసినట్టు. పది ముక్కలు చేస్తే ఒక్కో ముక్క పెద్దగా వస్తుంది కదా. అందుకని 0.4 పెద్దది.” ముక్క ఎంత అన్నది ఆ పిల్లకు చక్కగా తెలుసు. అలాంటి ముక్కలు ఎన్ని ఉన్నాయన్నది లెక్కలోకి తీసుకోవడం లేదు. మొదటి ప్రశ్నకు ఆమె జవాబు సరైనదే, దారి తప్పు. రెండో ప్రశ్నకు ఆ అబ్బాయి జవాబు సరైనదే, అతని దారీ తప్పే. రెండు తప్పులూ ఒకదానికొకటి ఎదురు దిక్కులో ఉన్నాయి.

దీని పర్యవసానం చూడండి. అబ్బాయి తప్పును సరిచేయడానికి “పాయింటు తర్వాత అంకెలు పెరిగేకొద్దీ ముక్కలు చిన్నవవుతాయి” అని తరగతి మొత్తానికి చెప్పాననుకోండి. అతనికి అది కొంత ఉపయోగపడవచ్చు. కానీ అమ్మాయి మనసులో ఉన్న తప్పుకు నేనే బలం చేకూర్చినట్టవుతుంది. పోనీ అందరం చెప్పే చిట్కా చెబుదాం: రెండు వైపులా అంకెలు సమానం చేయండి, 0.4ను 0.40 అని రాసి పోల్చండి. ఇద్దరికీ సరైన జవాబులు వస్తాయి, మార్కులు కూడా వస్తాయి. అబ్బాయి మాత్రం నలభై, ముప్పై అయిదు అనే మామూలు సంఖ్యలనే పోలుస్తుంటాడు. సున్నా చేర్చినా విలువ ఎందుకు మారలేదో అమ్మాయికి అంతు చిక్కదు. ఇద్దరి మనసుల్లోనూ పాత ఊహ అలాగే ఉంటుంది, మనకు కనిపించకుండా పోతుందంతే. ఇవి మా బడి పిల్లలకే పరిమితమైన పొరపాట్లు కావు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సరిగ్గా ఈ రెండు రకాల ఆలోచనలనూ, వాటి ఉపరకాలనూ ఏళ్ల తరబడి పరిశీలించి వర్గీకరించారు. ఆ సంగతి నేను తరువాత చదివాను. పిల్లల మాటలు ముందే నా పుస్తకంలో ఉన్నాయి కాబట్టి చదివింది వెంటనే ఎక్కింది.

అదే పుస్తకంలో ఇంకో పేజీలో క్రికెట్ ఉంది. మన పిల్లలు బడిలో దశాంశ బిందువును కలుసుకోకముందే స్కోరు బోర్డు మీద చూస్తారు. 19.5 ఓవర్లు అంటే పంతొమ్మిది ఓవర్ల అయిదు బంతులు. ఇంకొక్క బంతి పడితే ఇరవై. 19.7 అన్నదే ఉండదు. అంటే ఆ చుక్కకు అటూ ఇటూ ఉన్నవి రెండు వేరు వేరు మామూలు సంఖ్యలు, అదీ ఆరు లెక్కన. రూపాయలు, పైసలు కూడా పిల్లల మనసులో అలాగే కూర్చుంటాయి. నాలుగు రూపాయల అయిదు పైసలను 4.5 అని రాసే పిల్లవాడు మన చుట్టూ ఉన్న లోకం నుంచి నేర్చుకున్నదే రాస్తున్నాడు. ఈ ముక్క రాసుకున్న తరువాత నేను దశాంశాల పాఠాన్ని స్కోరు బోర్డుతోనే మొదలుపెడుతున్నాను. ఇక్కడ చుక్క ఏం చేస్తోంది, లెక్కల పుస్తకంలో చుక్క ఏం చేస్తోంది అని పిల్లలనే అడుగుతాను. తరువాత పదికి పది గళ్లున్న గ్రాఫు కాగితం ఇచ్చి, నాలుగు నిలువు వరుసలకు ఒక రంగు, ముప్పై అయిదు చిన్న గళ్లకు ఇంకో రంగు వేయమంటాను. ఆ అమ్మాయినీ అబ్బాయినీ పక్కపక్కన కూర్చోబెట్టి ఒకరి లెక్క ఒకరికి వివరించుకోమన్న రోజున, ఇద్దరూ ఒకరి తప్పు ఒకరు పట్టుకున్నారు. నేను చెప్పాల్సింది పెద్దగా మిగల్లేదు.

ఇదంతా అధికారికమైన ఆ గడిలో రాస్తే ఎలా ఉండేది? ‘దశాంశ భిన్నాల పోలికలో కొందరు విద్యార్థులు ఇబ్బంది పడుతున్నారు.’ ఇందులో అబద్ధం లేదు, పనికొచ్చేదీ లేదు. అది చదివి మరుసటి ఏడాది ఎవరూ ఏమీ మార్చుకోలేరు, రాసిన నేను కూడా.

అనుభవం దానంతట అదే నేర్పుతుందని మనం సులభంగా అనేస్తుంటాం. ఇరవై ఏళ్ల సర్వీసు అంటే ఇరవై ఏళ్ల నేర్పు అని సీనియారిటీ జాబితాలు అనుకుంటాయి. అనుభవాన్ని ఆగి పరిశీలించకపోతే అది అలవాటుగా మాత్రమే గట్టిపడుతుంది. అమెరికన్ తత్వవేత్త జాన్ డ్యూయీ 1910 నాటికే ఆలోచన అంటే ఏమిటో వివరిస్తూ, అది ఒక సందేహంతో, ఒక చిక్కుతో మొదలవుతుందని చెప్పాడు. సందేహం లేని చోట ఆలోచన లేదు. 1983లో అమెరికన్ ఆలోచనాపరుడు డొనాల్డ్ షాన్ ఆర్కిటెక్టులు, మానసిక చికిత్సకులు, ఇంజినీర్లు, పట్టణ ప్రణాళికా నిపుణులు తమ పనిని ఎలా ఆలోచిస్తారో దగ్గరగా పరిశీలించి రాసినప్పుడు, పని చేస్తూ చేస్తూనే దారి సరిచేసుకోవడాన్నీ, పని అయ్యాక కూర్చుని తరచి చూసుకోవడాన్నీ వేరు చేసి చూపాడు. మన బీఈడీ కోర్సుల్లో ఈ పేర్లన్నీ వస్తాయి. వాటి మీద అయిదు మార్కుల ప్రశ్నలు కూడా వస్తాయి. కానీ డ్యూయీ చెప్పిన సందేహాన్ని ఒక ఉపాధ్యాయురాలు తన పాఠ్య ప్రణాళికలో నిజంగా రాస్తే, తనిఖీ రోజున ఆమె దానికి సంజాయిషీ చెప్పుకోవాల్సి రావచ్చు. ‘ఈ పాఠం నేను అనుకున్నట్టు సాగలేదు’ అన్న వాక్యం కింద ఎర్ర సిరాతో ‘కారణాలు తెలపండి’ అని రాసిన ఒక పుస్తకాన్ని నేను కళ్లారా చూశాను. ఆ సహోద్యోగి మళ్లీ అలాంటి వాక్యం రాయలేదు. ఎందుకు రాస్తుంది?

విమానయానంలో ఈ పాఠాన్ని తొంభై రెండు ప్రాణాలు పోయాక నేర్చుకున్నారు. 1974 డిసెంబరు 1న ట్రాన్స్ వరల్డ్ ఎయిర్‌లైన్స్ 514వ విమానం వాషింగ్టన్ డల్లెస్ విమానాశ్రయంలో దిగడానికి వస్తూ వర్జీనియాలోని మౌంట్ వెదర్ కొండను ఢీకొట్టింది. అందులోని 92 మందిలో ఒక్కరూ మిగల్లేదు. కంట్రోలర్ ఇచ్చిన అనుమతిని సిబ్బంది ఒక రకంగా అర్థం చేసుకుని, దిగకూడనంత కిందికి దిగారు. అంతకు ఆరు వారాల ముందే యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానం ఒకటి అదే అనుమతిని అలాగే పొరబడి, అదే కొండను తృటిలో తప్పించుకుంది. యునైటెడ్ సంస్థ ఆ విషయాన్ని తన పైలట్లకు చెప్పుకుంది. మిగతా సంస్థల పైలట్లకు అది చేరే దారి లేదు.

ఆ ప్రమాదం తరువాత అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ 1975లో, ఇకపై ఇలాంటి పొరపాట్లను మాకే తెలపండి, శిక్షించం అంది. పైలట్లు నమ్మలేదు. లైసెన్సు రద్దు చేయగల వాళ్లకు తమ పొరపాటును ఎవరు రాసిస్తారు? నియంత్రణ సంస్థ ఆ సంగతి గ్రహించింది. 1976లో నివేదికలు తీసుకునే పనిని నాసాకు అప్పగించింది. ఎవరినీ శిక్షించే అధికారం నాసాకు లేదు. నివేదిక రాగానే విషయం తెలుసుకుని, రాసిన వారి వివరాలు తీసేసి, మిగిలిన పాఠాన్ని అందరికీ పంచుతారు. సంఘటన జరిగిన పది రోజుల్లోగా నివేదిక పంపిన పైలట్‌కు, తెలియక చేసిన నిబంధనల ఉల్లంఘన విషయంలో శిక్ష నుంచి రక్షణ ఉంటుంది. కావాలని చేసినదానికీ, నేరాలకూ, ప్రమాదాలకూ ఆ రక్షణ వర్తించదు. ఇప్పటికి పది లక్షలకు పైగా నివేదికలు వచ్చాయి. పైలట్లేమీ ఒక్కసారిగా నిజాయతీపరులు అయిపోలేదు. వాళ్లు ఎవరికి చెబుతున్నారన్నది మారింది.

దీనికి తలకిందుల కథ బ్రిటన్ వైద్యరంగంలో ఉంది. అక్కడ శిక్షణలో ఉన్న వైద్యులు తమ పని గురించి తాము ఆలోచించుకుంటూ ఎలక్ట్రానిక్ దస్త్రాల్లో రాసుకోవడం తప్పనిసరి. 2011 ఫిబ్రవరిలో లెస్టర్ నగరంలోని ఒక ఆసుపత్రిలో జాక్ ఆడ్‌కాక్ అనే ఆరేళ్ల బాలుడు సెప్సిస్‌తో, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి ఒళ్లంతా దెబ్బతినే స్థితితో, చనిపోయాడు. చికిత్స చేసిన హదీజా బావా-గార్బా అనే జూనియర్ వైద్యురాలికి తీవ్ర నిర్లక్ష్యంతో ప్రాణం పోవడానికి కారణమైన నేరం కింద 2015లో శిక్ష పడింది. ఆ రోజు వార్డుల్లో సిబ్బంది కొరత ఉంది, కంప్యూటర్లు మొరాయించాయి, పైవైద్యుడు వేరే ఊళ్లో ఉన్నాడు. 2018 జనవరిలో హైకోర్టు ఆమె పేరును వైద్యుల రిజిస్టరు నుంచి తొలగించింది. ఆగస్టులో అప్పీలు కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఈ మధ్యలో, ఆమె తన గురించి తాను రాసుకున్న పునరాలోచనే కోర్టులో ఆమెకు వ్యతిరేకంగా వాడారన్న వార్త వైద్యుల్లో దావానలంలా పాకింది. నిజానికి ఆ దస్త్రం జ్యూరీ ముందు సాక్ష్యంగా పెట్టలేదని తరువాత తేలింది. కానీ భయానికి ఆ వివరం పట్టలేదు. ఇకపై ఏమీ రాయమని, రాసినా పొడి మాటలే రాస్తామని వైద్యులు బహిరంగంగానే అన్నారు. ఆ ఏడాది జూన్‌లో ప్రభుత్వం వేయించిన విలియమ్స్ సమీక్ష, వైద్యుల పునరాలోచన రాతలను విచారణ కోసం అడిగే అధికారం, వైద్యుల రిజిస్టరును చూసుకునే వైద్య మండలికి ఉండకూడదని సిఫారసు చేసింది.

ఆ బిడ్డ తల్లి పక్షాన నిలబడి చూసినా నాకు ఇదే న్యాయమనిపిస్తుంది. ఎందుకంటే, వైద్యులు రాయడం మానేస్తే రేపు అదే వార్డుకు వచ్చే బిడ్డకు రక్షణ తగ్గుతుంది. శిక్షకు దారి వేరే ఉంది. ఆసుపత్రి రికార్డులున్నాయి, సాక్షులున్నారు, విచారణ ఉంది. నేర్చుకోవడానికి మాత్రం మనిషి స్వయంగా నోరు విప్పడం తప్ప ఇంకో దారి లేదు. ఆ దారిని మూసేస్తే తెరిపించే ఆదేశం ఏ ప్రభుత్వమూ ఇవ్వజాలదు.

మన దేశంలో ఇదంతా సాధ్యమా అనే వాళ్లకు కేరళ జవాబు. అక్కడి ప్రసూతి వైద్యుల సమాఖ్య 2004 నుంచి రాష్ట్రంలో జరిగే మాతృ మరణాలను గోప్యంగా సమీక్షిస్తోంది. బ్రిటన్‌లో 1952 నుంచి నడుస్తున్న పద్ధతిని మనకు తగ్గట్టు మలుచుకున్నారు. కేస్ షీటులోంచి తల్లి పేరు, ఆసుపత్రి పేరు, వైద్యుల పేర్లు తీసేస్తారు. మిగిలిన కథను అనుభవజ్ఞులు ముందు పెట్టుకుని, ఎక్కడ ఆలస్యం జరిగింది, ఏ లక్షణాన్ని గమనించలేదు, ఏం చేసి ఉంటే బతికేది అని చర్చిస్తారు. తప్పు ఎవరిదన్న ప్రశ్న ఆ గదిలోకి రాదు. ప్రసవానంతర రక్తస్రావం, అధిక రక్తపోటు ముందు వరుసలో ఉన్న కారణాలని తేలాక, వాటిని ఎదుర్కొనే తీరు మీద శిక్షణ, ప్రమాణాలు తయారయ్యాయి. తల్లి ప్రాణం పోయిన సందర్భంలోనే పేర్లు పక్కన పెట్టి నేర్చుకోగలిగిన దేశంలో, ఒక దశాంశ భిన్నాల పాఠం గురించి పేర్లు పక్కన పెట్టి మాట్లాడుకోలేమా?

నా మాటకు ఎదురయ్యే ప్రశ్న నాకు తెలుసు. స్టాఫ్ రూంలో పెద్దాయన ఒకరు సూటిగానే అడిగారు: “ఎవరూ చూడకపోతే ఎవరు రాస్తారమ్మా? చూస్తున్నామంటేనే ఇంతమాత్రం రాస్తున్నారు.” ఆయన అనుభవాన్ని నేను కొట్టిపారేయను. పర్యవేక్షణ లేకపోతే బడికే రాని వాళ్లూ ఉన్నారు. కానీ ఇప్పుడు చూస్తున్నది ఏమిటి? వాట్సాప్ గుంపుల్లో ఒకరి నుంచి ఒకరికి వెళ్లే తయారు ప్రణాళికలు. సంతకం వల్ల మనకు దక్కింది నిండిన గడి మాత్రమే. దాన్ని తీసేస్తే పోయేది కూడా అంతే. ఉపాధ్యాయుడు సమయానికి వచ్చాడా, సిలబస్ జరిగిందా, పిల్లల నోటు పుస్తకాలు దిద్దాడా, పిల్లల మీద చేయి చేసుకున్నాడా అన్నవి తప్పకుండా చూడాల్సినవే. పిల్లలను కొట్టడాన్ని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. అందులో గోప్యతకు తావు లేదు. వాటన్నిటికీ రిజిస్టర్లున్నాయి, సంతకాలున్నాయి. నేను అడుగుతున్నది ఒక్క పేజీని వాటి నుంచి వేరు చేయమని.

బ్రిటన్‌లోనే నర్సుల విషయంలో ఇది చక్కగా అమలవుతోంది. మన దేశం నుంచి వెళ్లిన వేల మంది నర్సులు కూడా ఆ పద్ధతిలోనే ఉన్నారు. 2016 ఏప్రిల్ నుంచి అక్కడ ప్రతి నర్సూ మూడేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవడానికి అయిదు పునరాలోచన రాతలు రాయాలి, వాటి గురించి ఇంకో నర్సుతో కూర్చుని మాట్లాడాలి. ఆ రాతలను నర్సుల మండలికి పంపనవసరం లేదు. రాత, సంభాషణ జరిగాయని ధ్రువీకరిస్తే చాలు. రాసినవి రాసిన వాళ్ల దగ్గరే ఉంటాయి. అందులోనూ మొక్కుబడిగా కానిచ్చే వాళ్లు ఉంటారు. అయినా తనలాంటి పనే చేసే ఇంకో మనిషికి ఎదురుగా కూర్చుని మాట్లాడటం, పై అధికారికి పుస్తకం పంపడం ఒకటి కావు.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. ఒంటరిగా రాసుకోవడం ఒక్కటే చాలదు. మనం మన కళ్లతోనే చూసుకుంటాం, మనకు తెలిసిన కారణాలే మనకు తడతాయి. పిల్లలు వెనుకబడ్డారు, ఇంట్లో చదివించే వాళ్లు లేరు, కింది తరగతుల్లో పునాది పడలేదు. ఏడాది పొడవునా రాసినా ఈ మూడు కారణాలే తిరిగి తిరిగి వస్తుంటే ఆ పుస్తకం మనకు ఏమీ నేర్పడం లేదన్నమాట. దీనికి జపాన్ ఉపాధ్యాయులు వంద ఏళ్లకు పైగా అనుసరిస్తున్న పద్ధతి నాకు చాలా నచ్చుతుంది. అక్కడ కొందరు కలిసి ఒక పాఠానికి ప్రణాళిక వేస్తారు. వారిలో ఒకరు తరగతిలో చెబుతారు. మిగతావాళ్లు గోడల పక్కన నిలబడి పిల్లలను గమనిస్తారు. ఫలానా బల్ల దగ్గరి పాప ముందు ఏం రాసింది, ఎందుకు కొట్టేసింది, పక్కవాడితో ఏం అంది అన్నవి రాసుకుంటారు. తరువాత చర్చలో మొదట పాఠం చెప్పిన వారే మాట్లాడతారు. ప్రణాళిక అందరిదీ కాబట్టి పాఠం సరిగ్గా నడవకపోతే అది అందరిదీ. మన దగ్గర ఆదర్శ పాఠం అంటే అందరూ ఉపాధ్యాయుణ్ని చూస్తారు. గొంతు బాగుంది, బోర్డు పని బాగుంది, ఉపకరణాలు బాగున్నాయి అని చెప్పి చప్పట్లు కొడతారు. వెనక బల్ల మీద పిల్లవాడు నోటు పుస్తకంలో ఏం రాశాడో ఎవరికీ తెలియదు.

సమయం ఎక్కడిదని అడిగితే ఆ ప్రశ్న న్యాయమైనదే. పీరియడ్ వెంట పీరియడ్, మధ్యలో యాప్‌లలో ఫోటోలు, హాజరు, మధ్యాహ్న భోజనం లెక్కలు. నూతన జాతీయ విద్యావిధానం 2020 ప్రతి ఉపాధ్యాయుడూ ఏడాదికి 50 గంటల వృత్తి వికాస శిక్షణ పొందాలంది. ఆ గంటల్లో చాలా భాగం వీడియోలు చూడటం, చివర క్విజ్ రాయడం, ధ్రువపత్రం దింపుకోవడంతో గడిచిపోతున్నాయి. వీడియో చెడ్డదని అనను. కానీ ఎక్కడో ఎవరో చెప్పిన పాఠం చూడటానికి గంటలు కేటాయించి, మనం నిన్న చెప్పిన పాఠం గురించి ఆలోచించడానికి ఒక్క గంట కూడా కేటాయించకపోవడం నాకు అర్థం కాదు. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఎలాగూ ఉన్నాయి. ఒకే సబ్జెక్టు చెప్పేవాళ్లం అక్కడ కలుస్తాం. సర్క్యులర్లు చదవడం అయ్యాక మిగిలే ఆ కాస్త సమయంలో ఒక గంటను ఇలా వాడుకోనివ్వాలి: ప్రతి ఒక్కరూ తమ పిల్లల నోటు పుస్తకాల నుంచి రెండు మూడు పేజీలు, పేర్లు కనపడకుండా తెస్తారు. బల్ల మీద పరిచి, ఈ పిల్లవాడు ఏమనుకుని ఇలా రాశాడు అన్న ఒక్క ప్రశ్న మీదే మాట్లాడుకుంటారు. మినిట్స్ రాయకూడదు. ఫోటో తీసి గ్రూపులో పెట్టకూడదు. గంట సేపు కూర్చున్నారని కాంప్లెక్స్ హెడ్‌మాస్టర్ ధ్రువీకరిస్తే చాలు.

ఇలాంటి పుస్తకం పెట్టుకోవాలనుకునే కొత్త టీచర్లు ఏం రాయాలని నన్ను అడుగుతుంటారు. పిల్లలు అన్న మాటను వాళ్ల మాటల్లోనే రాయమంటాను. ‘అర్థం కాలేదు’ అన్నది మన తీర్పు. ‘ముప్పై అయిదు నాలుగు కంటే పెద్దది కదా టీచర్’ అన్నది జరిగిన విషయం. తీర్పుతో ఎవరూ ఏమీ చేయలేరు, జరిగిన విషయంతో చాలా చేయవచ్చు. ఆ రోజే రాయాలి, రాత్రికి పిల్లల మాటలు మన మాటలైపోతాయి. తప్పులనే కాదు, సరైన జవాబులను కూడా అనుమానించి అడగాలి. ఆ అమ్మాయి మొదటి జవాబు నాకు ఆ పాఠం నేర్పింది. బాగా సాగిన పాఠాల గురించీ రాయాలి, ఎందుకు బాగా సాగిందో తెలియకపోతే అది మళ్లీ మన చేతికి రాదు. తిట్టుకోవడానికి ఆ పేజీని వాడకూడదు. తనను తాను నిందించుకునే రాత కొద్ది వారాల్లోనే ఆగిపోతుంది, ఎవరికైనా.

అన్నిటికన్నా కష్టంలో ఉన్నది ఏకోపాధ్యాయ పాఠశాలల్లో పనిచేసే వాళ్లు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అలాంటి బడులు వేలల్లో ఉన్నాయి. వాళ్లకు స్టాఫ్ రూమే లేదు, పక్క గదిలో ఇంకో టీచర్ లేరు. ఏజెన్సీ ప్రాంతంలో అలాంటి బడి నడుపుతున్న స్నేహితురాలు ఒకామె, పక్క మండలంలో అలాంటి బడే నడుపుతున్న ఇంకొకామె శనివారం సాయంత్రాలు ఫోనులో మాట్లాడుకుంటారు. పిల్లల పలకల ఫోటోలు ఒకరికొకరు పంపుకుంటారు. కొన్నిసార్లు నన్నూ కలుపుకుంటారు. ఏ అధికారీ వాళ్లను అడగలేదు, ఏ రిజిస్టరులోనూ ఆ మాటలు నమోదు కావు. ఈ మధ్య మేం ముగ్గురం మాట్లాడుకున్నది రెండో తరగతి పిల్లవాడి పలక గురించి. ఇరవై మూడు రాయమంటే 203 అని రాశాడు. ఇరవై, ఆ పక్కన మూడు. చెవికి విన్నది విన్నట్టే రాశాడు. పదమూడు మాత్రం సరిగ్గా 13 అని రాస్తున్నాడు. అది స్థానవిలువ తెలిసి రాస్తున్నాడా, పదమూడు బొమ్మ మొత్తంగా గుర్తుండి రాస్తున్నాడా అన్న దగ్గర మాట ఆగింది. నూట మూడు, నూట ఇరవై అని చెప్పి రాయించి చూస్తానని, 1003 అని రాస్తే ఒక దారి, 103 అని రాస్తే ఇంకో దారి అని ఆ పిల్లవాడి టీచర్ అంది. సోమవారం రాయించి పలక ఫోటో పంపుతానంది.